అవతల ఉన్నదెవరు?

యాచారం మండల కేంద్రంలో ఒక రైతు మీసేవ కౌంటరు దగ్గర నిలబడి, భూముల పోర్టల్ భూభారతిలో రిజిస్ట్రేషన్ స్లాటు కోసం పట్టాదారు పాస్‌బుక్ ముందుకు జరిపాడనుకుందాం. ఆపరేటరు నంబరు కొడతాడు. బ్రౌజరు ముందు అవతలి సర్వరును పలకరించి సర్టిఫికెట్ చూపించమంటుంది. అందులో ఉన్న పేరు తాను వెతుకుతున్న పేరేనా, సంతకం పెట్టిన సంస్థ తన నమ్మకస్తుల జాబితాలో ఉందా, గడువు తీరలేదు కదా అని చూసుకుంటుంది. అన్నీ కుదిరాకే నంబరును గుప్తలిపిలోకి మార్చి పంపుతుంది. ఇదంతా రెప్పపాటు పని. ఎక్కడ తేడా కొట్టినా తెర నిండా హెచ్చరిక పెడుతుంది. రైతుకు గానీ ఆపరేటరుకు గానీ ఈ తతంగం తెలియాల్సిన పని లేదు.

కానీ ఈ కాలంలో ఏ సేవ వెనక చూసినా మనిషి లేకుండా నడిచే సంభాషణలే ఎక్కువ. రుసుము జమ అయిందా అని బ్యాంకును అడిగే స్క్రిప్టు, ఓటీపీ పంపమని ఎస్సెమ్మెస్ కంపెనీకి చెప్పే స్క్రిప్టు, అర్ధరాత్రి ఒక శాఖ లెక్కల్ని ఇంకో శాఖకు మోసుకెళ్లే స్క్రిప్టు. వీటికి తెర లేదు, ఎర్ర అక్షరాలు చూసే కన్ను లేదు. రాసినవాడు ఏం చూడమన్నాడో అదే చూస్తాయి, వదిలేయమన్నది వదిలేస్తాయి. పెర్ల్, పీహెచ్‌పీ, పైథాన్ లాంటి స్క్రిప్టు భాషల్ని వెబ్‌లో భద్రంగా మాట్లాడేలా అమర్చుకోవడం ఎలా అన్న ప్రశ్నకు ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా తిరగేస్తే నాకు అర్థమైంది ఇది: మాట బయటికి పొక్కకుండా చేయడం ఎప్పుడో తేలిపోయిన సంగతి. అవతల ఉన్నది ఎవరో తేల్చుకోవడమే ఇప్పటికీ తేలలేదు.

మొదట్లో గుప్తలిపే కష్టంగా ఉండేది, అదీ రాజకీయ కారణాల వల్ల. నెట్‌స్కేప్ కంపెనీ 1995లో, వెబ్ సంభాషణను గుప్తలిపిలో నడిపే ఎస్ఎస్ఎల్ పద్ధతి రెండో వెర్షన్‌ను విడుదల చేసినప్పుడు, బలమైన గుప్తలిపి అమెరికా చట్టం దృష్టిలో ఆయుధాల లెక్కలోకి వచ్చేది. దేశం దాటించే సాఫ్ట్‌వేర్‌లో తాళంచెవి పొడవు 40 బిట్లకు మించకూడదనేవారు. ఆ ఏడాదే ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ సొంతంగా ఎస్ఎస్ఎల్‌ఈఏవై అనే లైబ్రరీ రాసి ఉచితంగా పెట్టారు. అమెరికా నేల మీద రాయలేదు కాబట్టి ఆ అడ్డు దానికి లేదు. 1998 చివర్లో అదే ఓపెన్ఎస్ఎస్ఎల్‌గా మారింది. ఈనాటికీ పెర్ల్, పైథాన్, పీహెచ్‌పీ, రూబీ ఏది తీసుకున్నా అడుగున పనిచేసేది ఎక్కువగా ఇదే. స్క్రిప్టు భాష సొంతంగా గుప్తలిపి చేయదు, సీ భాషలో ఉన్న ఈ లైబ్రరీకి ఒక తలుపు పెట్టుకుంటుంది, అంతే. పెర్ల్ మాడ్యూళ్ల పేర్లలో ‘ఎస్ఎస్ఎల్‌ఈఏవై’ అన్న ముక్క ఇంకా మిగిలి ఉండటానికి కారణం అదే.

మన దేశంలో తమాషా ఇంకోటి. ఇంటర్నెట్ కంపెనీలకు టెలికాం శాఖ ఇచ్చిన లైసెన్సు షరతుల్లో, అనుమతి లేకుండా 40 బిట్లకు మించిన గుప్తలిపి వాడరాదని ఉండేది. 2001 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇంటర్నెట్ బ్యాంకింగ్ మార్గదర్శకాలు వెలువరిస్తూ కనీసం 128 బిట్ల ఎస్ఎస్ఎల్ ఉండాలంది. ఒక సర్కారు చెయ్యి వద్దన్నదాన్ని ఇంకో చెయ్యి తప్పనిసరి చేసింది. బ్యాంకులు రిజర్వు బ్యాంకు మాటే విన్నాయి, మంచి పని చేశాయి.

గుప్తలిపి దొరికాక అసలు కథ మొదలైంది. ఎస్ఎస్ఎల్ చేసేవి రెండు పనులు. ఒకటి, మధ్యదారిలో ఉన్నవాడికి మాట అర్థం కాకుండా చేయడం. రెండు, అవతలివాడు తాను చెప్పుకుంటున్నవాడేనని నిర్ధారించడం. రెండోది లేకుంటే మొదటిది దండగ. మధ్యలో దూరిన దొంగతోనే ఎంతో పకడ్బందీగా, ఎవరికీ వినపడకుండా మాట్లాడుతూ కూర్చుంటాం. స్క్రిప్టు భాషలు చాలాకాలం ఈ రెండో పనిని ఐచ్ఛికంగా వదిలేశాయి. కావాలంటే అడుగు, అడగకపోతే చూడం అన్నట్టుగా.

ఏ భాష ఎప్పుడు దారికొచ్చిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వెబ్ చిరునామాలతో మాట్లాడటానికి డేనియల్ స్టెన్‌బర్గ్ రాసిన కర్ల్ పనిముట్టు 2002లోనే సర్టిఫికెట్‌ను సరిచూడటం అలవాటుగా పెట్టుకుంది. పెర్ల్‌కు చెందిన ఎల్‌డబ్ల్యూపీ వెబ్ లైబ్రరీ 2011లో, ఆరో వెర్షన్‌తో, పేరు సరిపోల్చడం మొదలెట్టింది. పీహెచ్‌పీ 2014 ఆగస్టులో వచ్చిన 5.6తో, పైథాన్ అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 2.7.9తో. అంటే మీసేవ 2011లో మొదలైన నాటికి, పైథాన్‌లో మామూలుగా రాసిన స్క్రిప్టు హెచ్‌టీటీపీఎస్ చిరునామాకు వెళ్లి ఏ సర్టిఫికెట్ చూపించినా తలూపి వచ్చేసేది. చాలామందికి ఆ సంగతే తెలియదు. చిరునామా మొదట్లో ‘ఎస్’ ఉంది కదా అని ధీమాగా ఉన్నారు.

ఈ మార్పుకు ఊపునిచ్చింది 2012లో వచ్చిన ఒక పరిశోధన పత్రం. ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన కోడ్ అన్న అర్థం వచ్చే పేరుతో, టెక్సస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల వాళ్లు బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. అమెజాన్ క్లౌడ్ లైబ్రరీ, పేపాల్ చెల్లింపుల కిట్లు, ఆన్‌లైన్ దుకాణాల సాఫ్ట్‌వేర్లు ఒకదాని తర్వాత ఒకటి దొరికిపోయాయి. అందులో నాకు మరీ నచ్చిన ఉదాహరణ పీహెచ్‌పీది. పీహెచ్‌పీ నుంచి కర్ల్ వాడేటప్పుడు పేరు సరిచూడమని చెప్పే ఒక మీట ఉంటుంది. దాని విలువ 2 అయితే సర్టిఫికెట్‌లోని పేరు మనం వెళ్లిన చిరునామాతో సరిపోవాలి. అప్పట్లో 1 అయితే ఏదో ఒక పేరు ఉంటే సరిపోయేది. జాగ్రత్తపరుడైన ప్రోగ్రామరు ‘సరిచూడాలి, నిజం’ అన్న ఉద్దేశంతో అక్కడ ‘ట్రూ’ అని రాసేవాడు. పీహెచ్‌పీ లెక్కలో ట్రూ అంటే 1. భద్రత పెంచుతున్నానని నమ్మి తీసేశాడన్నమాట. ముట్టుకోకుండా వదిలేసినవాడికి 2 ఉండేది, శ్రద్ధ చూపినవాడికి 1 మిగిలింది! దస్తావేజు మీద సబ్ రిజిస్ట్రారు ముద్ర అసలుదే, లోపల సర్వే నంబరు మాత్రం పక్కవాడిది అన్నట్టు. ఆ ఏడాది నవంబరులో కర్ల్ వాళ్లు 1ని పనిచేయకుండా చేసేశారు.

ఇప్పుడు ఈ భాషలన్నీ అడగకుండానే సరిచూస్తున్నాయి. మరి చిక్కు తీరిందా అంటే, రూపం మార్చుకుంది. ఒకప్పుడు తెలియక వదిలేసేవారు, ఇప్పుడు తెలిసి ఆపేస్తున్నారు. స్క్రిప్టు నడపగానే సర్టిఫికెట్ నిర్ధారణ కాలేదని తప్పు చూపిస్తుంది. ఆ వాక్యాన్ని వెతుకులాట పెట్టెలో అతికిస్తే మొదట కనపడే చిట్కా ‘వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్’. కర్ల్‌లో అయితే ఒక్క ‘కే’ అక్షరం. నోడ్‌లో ఒక సున్నా. ఇబ్రహీంపట్నం చుట్టూ, షేరిగూడ, మంగళ్‌పల్లి దారుల్లో ఇంజినీరింగ్ కాలేజీలు వరసగా ఉన్నాయి. ఆదిబట్లలో టీసీఎస్ ప్రాంగణం ఉంది. ఈ దారిలో చదివి ఆ దారిలో ఉద్యోగంలో చేరే పిల్లలు మొదటి ప్రాజెక్టులోనే ఈ చిట్కా నేర్చుకోవడం సహజం. ప్రాజెక్టు సబ్మిషన్ రేపే కదా. చిక్కేమిటంటే ఆ వరుస ప్రాజెక్టుతో పోదు. కాపీ అయి ఉద్యోగంలోకి, ఉద్యోగం నుంచి సర్వరులోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. పని సజావుగా నడుస్తున్నట్టే కనపడుతుంది గనుక దాన్ని మళ్లీ ఎవరూ తెరిచి చూడరు.

వాళ్లను తిట్టి లాభం లేదు. ఆ తప్పు ఎందుకు వస్తుందో చూస్తే అమరికలోనే ఇబ్బందులున్నాయి. నమ్మకస్తుల జాబితా అన్నానే, అది ఒక ఫైలు. బ్రౌజరు తనది తాను తెచ్చుకుంటుంది. స్క్రిప్టు భాషకు అది ఎక్కడుందో చెప్పాలి. విండోస్ మీద ఎక్సాంప్‌తో పీహెచ్‌పీ పెట్టుకున్నవాళ్లలో ‘కర్ల్ ఎర్రర్ 60’ చూడనివాళ్లు తక్కువ. దానికి సరైన మందు మొజిల్లా జాబితా నుంచి తయారైన సర్టిఫికెట్ల కట్టను దించుకుని, పీహెచ్‌పీ అమరికల ఫైలులో దాని దారి రాయడం. రెండు నిమిషాల పని. మ్యాక్ మీద పైథాన్ 3.6 నుంచి ఇన్‌స్టాలరుతో వచ్చే సర్టిఫికెట్ల స్క్రిప్టును విడిగా నడపాలి, చాలామంది నడపరు. పైథాన్‌లో ‘సర్టిఫై’, పెర్ల్‌లో ‘మొజిల్లా సీఏ’ అనే ప్యాకేజీలు ఉన్నదే ఈ కట్ట కోసం. పెర్ల్‌లో ఇంకో మెలిక ఉంది: 2011 తర్వాత ఎల్‌డబ్ల్యూపీకి హెచ్‌టీటీపీఎస్ భాగం విడి ప్యాకేజీగా వస్తుంది. అది పెట్టకపోతే హెచ్‌టీటీపీఎస్ అన్న మాటే దానికి తెలియదు.

కట్ట ఉన్నా పాతబడుతుంది. 2021 సెప్టెంబరు 30న సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లు ఆధారపడ్డ ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు తీరింది. కొత్త మూలం అప్పటికే సిద్ధంగా ఉంది. బ్రౌజర్లకు చీమ కుట్టినట్టయినా లేదు. కానీ ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.2 మీద నడుస్తున్న స్క్రిప్టులు ప్రపంచమంతా ఒక్క రాత్రిలో చతికిలపడ్డాయి. రెండు దారులు కనపడితే గడువు తీరిన దారినే పట్టుకుని ఆగిపోయే జబ్బు ఆ వెర్షన్‌కు ఉండేది. సర్వర్లలో విరివిగా వాడిన సెంటోస్ 7 లినక్స్‌తో వచ్చింది సరిగ్గా ఆ వెర్షనే. 2024 జూన్ 30తో సెంటోస్ 7కి మద్దతు కూడా ముగిసింది. అయినా ఎక్కడో గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

ఇక గడియారం. సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి కాబట్టి కంప్యూటరుకు ఈరోజు తేదీ తెలియాలి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ రోజు ఏ సైటూ తెరుచుకోదు. ‘సర్వర్ డౌన్ ఉంది, రేపు రా పెద్దయ్యా’ అని పంపేస్తారు. సర్వరు నిక్షేపంగా ఉంటుంది. ఆ బ్యాటరీ ఖరీదు చాయ్, సమోసా ఖర్చుకు అటూఇటూ. భారత సైబర్ అత్యవసర స్పందన బృందం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో సర్వర్ల గడియారాలను జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలపాలని చెప్పింది చిల్లర విషయమేమీ కాదు.

తెలుగులో ఈ పనిని సవ్యంగా, బహిరంగంగా చేసినవాళ్లు లేకపోలేదు. తెలుగు వికీపీడియాలో వేల గ్రామాల పేజీలు తొలి ఏళ్లలో బాట్ల సాయంతో తయారయ్యాయి. బాటు అంటే స్క్రిప్టే. దానికోసం పైవికీబాట్ అనే పైథాన్ చట్రం ఉంది. 2015 జూన్‌లో వికీమీడియా తన సైట్లన్నిటినీ హెచ్‌టీటీపీఎస్ మీదకు మార్చింది. ఆ తర్వాత పాత టీఎల్ఎస్ (ఎస్ఎస్ఎల్‌కు వారసురాలు) వెర్షన్లను ఆపేసింది. బాటు నడిపేవాళ్లు పైథాన్‌నూ ఓపెన్ఎస్ఎస్ఎల్‌నూ నవీకరించుకోక తప్పలేదు. అవతలివాడు కచ్చితంగా ఉంటే ఇవతలివాడు దారికొస్తాడనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ టీఎల్ఎస్ 1.0, 1.1లను అధికారికంగా పక్కన పెట్టేసింది. ఇప్పుడు ఎవరు కొత్తగా అమర్చుకున్నా 1.2 కింద దిగకూడదు. 2018లో వచ్చిన 1.3 అయితే మరీ మంచిది, దానికి ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1 లేదా ఆపైది కావాలి.

సరే, జాబితాలో ఉన్న సంస్థ సంతకం చేస్తే నమ్ముతాం. ఆ సంస్థే తప్పు చేస్తే? దీనికి ప్రపంచం చెప్పుకునే ఉదాహరణల్లో మనది ఒకటుంది. 2014 జులై 2న గూగుల్ తన డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు తిరుగుతున్నాయని కనిపెట్టింది. వాటిని జారీ చేసింది ఎన్‌ఐసీ. దాని పైన ఉన్నది ఐటీ చట్టం 2000 కింద ఏర్పడ్డ నియంత్రణాధికారి, సీసీఏ. ఆ మూల సర్టిఫికెట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండేది కాబట్టి విండోస్ మీది చాలా ప్రోగ్రాములు ఆ దొంగ సర్టిఫికెట్లను నమ్మేవి. మొజిల్లా జాబితాలో అది లేదు, కాబట్టి ఫైర్‌ఫాక్స్‌కు ఏమీ కాలేదు. మరునాడే సీసీఏ ఎన్‌ఐసీ సర్టిఫికెట్లను రద్దు చేసింది. జారీ ప్రక్రియ భద్రత దెబ్బతిందని, నాలుగు సర్టిఫికెట్లు తప్పుగా వెళ్లాయని చెప్పింది. అంతకు మించి ఉన్నాయని గూగుల్ తేల్చింది. మైక్రోసాఫ్ట్ 45 సర్టిఫికెట్లను నమ్మరానివిగా ప్రకటించింది. క్రోమ్ ఆ మూలాన్ని గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్ లాంటి ఏడు డొమైన్లకే పరిమితం చేసింది.

స్క్రిప్టుల కోణంలో దీన్ని చూసినవాళ్లు తక్కువ. మొజిల్లా కట్టను వాడే పైథాన్, పెర్ల్ స్క్రిప్టు ఆ రోజు సురక్షితం. విండోస్ జాబితాను నమ్ముకున్న ప్రోగ్రాము మాత్రం కాదు. భాష ఒకటే అయినా ఎవరి జాబితా అరువు తెచ్చుకున్నామన్నదాన్ని బట్టి ఫలితం మారింది. ఆ దెబ్బ నుంచి భారత మూలం ఇంకా కోలుకోలేదు. సొంత మూలాన్ని లోపలే పెట్టుకున్న దేశీయ బ్రౌజరు కోసం కేంద్ర ఐటీ శాఖ 2023 ఆగస్టులో పోటీ పెట్టింది. 2025 మార్చిలో జోహో వారి ఉలా మొదటి బహుమతి గెలిచింది. బ్రౌజరు వచ్చింది, బాగుంది. కానీ స్క్రిప్టు బ్రౌజరును వాడదు. సీసీఏ మూలం మీద నడిచే సైటుతో పైథాన్ స్క్రిప్టు మాట్లాడాలంటే ఎవరో చేత్తో ఆ మూలాన్ని కట్టలో చేర్చాలి. చేర్చే ఓపిక లేనివాడు ఏం చేస్తాడో పైన చెప్పాను. పారదర్శకంగా తనిఖీలు చేయించుకుని మొజిల్లా జాబితాలో చోటు సంపాదించడమే సీసీఏకు గౌరవం. పోటీలు పెట్టడం దొడ్డిదారి అని నా అభిప్రాయం.

ఇంతకంటే తెలివైన పని హైదరాబాద్‌లో జరిగింది. రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన ఐడీఆర్‌బీటీ 1999లో బ్యాంకుల మధ్య ఇన్ఫినెట్ అనే ప్రత్యేక నెట్‌వర్కు నిర్మించింది. తర్వాత బ్యాంకులకు డిజిటల్ సర్టిఫికెట్లు ఇచ్చే లైసెన్సు తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, దేశంలోని బ్యాంకులన్నీ ‘బ్యాంక్ డాట్ ఇన్’ డొమైనుకు మారాలంటూ, రిజిస్ట్రారు బాధ్యత ఐడీఆర్‌బీటీకే అప్పజెప్పింది. గడువు అదే ఏడాది అక్టోబరు 31. సర్టిఫికెట్ ఎవరైనా ఉచితంగా తెచ్చుకోగల కాలం ఇది, మోసగాడి సైటుకూ తాళం గుర్తు ఉంటుంది. ఆ తాళం చెప్పేది ఒక్కటే: మీరు ఈ పేరుతోనే మాట్లాడుతున్నారని. ఆ పేరు వెనక ఉన్నది బ్యాంకేనా అన్నది చెప్పదు. ఆ ఖాళీని పేరుతోనే పూడ్చారు. స్క్రిప్టు రాసేవాడు కూడా ‘సైటు పేరు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగియకపోతే వెళ్లకు’ అని ఒక్క వరుస చేర్చుకోవచ్చు.

ఇక మిగిలింది తీగకు రెండు కొసలు. ఆధార్ రూపకర్తలు తీగ మీది తాళం ఒక్కటే చాలదని ముందే గ్రహించారు. వేలిముద్ర యంత్రం దగ్గరే ఆ సమాచారం 256 బిట్ల ఏఈఎస్ తాళంతో మూసుకుపోతుంది. ఆ తాళంచెవి మళ్లీ ఆధార్ సంస్థ బహిరంగ తాళంతో మూసుకుపోతుంది. ఆ మూట హెచ్‌టీటీపీఎస్ మీద వెళుతుంది. మధ్యలో ఉన్న ఏ స్క్రిప్టూ లోపలిది చదవలేదు. రూపకల్పనలో వంక పెట్టడానికి లేదు. అయినా 2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న కేసు చూడండి. సిమ్‌కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసుకున్నాడు, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తీగ మీద ప్రతి సందేశమూ భద్రంగానే వెళ్లింది. ఆధార్ ప్రతిసారీ సరేనంది. అవతల ఉన్నది సర్వరే, ఇవతల ఉన్నది మాత్రం రబ్బరు ముక్క. ఫార్మాసిటీ భూసేకరణతో ఏళ్లుగా దస్తావేజులు పట్టుకుని తిరుగుతున్న యాచారం మండల పల్లెలకు, ఆ కాగితాల్లో తమ వేలిముద్ర ఎంతమంది చేతులు మారిందో తెలిసే దారి లేదు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం.

రెండో కొసలో కథ 2024 జూన్‌ది. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా బయటికి పోయింది. ఆ వెంటనే పోలీసులదే అయిన టీఎస్‌కాప్ యాప్‌లో రహస్యాలు మామూలు అక్షరాల్లోనే పొదిగి ఉన్నాయని భద్రతా పరిశోధకులు ఎత్తిచూపారు. స్క్రిప్టు రాసే ప్రతివాడికీ ఇది అద్దం లాంటి కేసే. రహస్య తాళంచెవి స్క్రిప్టులో రాస్తే, ఆ స్క్రిప్టు చేరిన ప్రతిచోటికీ అదీ చేరుతుంది. పరిసర చరాల్లోనో (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్), అనుమతులు బిగించిన విడి ఫైలులోనో పెట్టి, గిట్‌లోకి పోకుండా చూసుకోవాలి. పాత పాఠమే గానీ నేర్చుకోవడం మాత్రం ఎప్పుడూ కొత్తే.

ఓపెన్ఎస్ఎస్ఎల్ కూడా పరిశుద్ధమేమీ కాదు. 2006లో డెబియన్ లినక్స్ వాళ్లు శుభ్రం చేద్దామని రెండు వరుసలు తీసేస్తే, తయారయ్యే తాళంచెవులు ఒక్కో రకానికి 32,768కి కుంచించుకుపోయాయి. 2008 మే దాకా ఎవరూ గమనించలేదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. బయటపడ్డాక రెండూ రోజుల్లో మరమ్మతయ్యాయి, నవీకరించుకుని తాళంచెవులు మార్చుకున్నవాళ్లు గట్టెక్కారు. రాబోయే క్వాంటం కంప్యూటర్ల బెడదకు 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.5లో కొత్త పద్ధతులు చేరాయి. అమరావతిలో క్వాంటం వ్యాలీ గురించి మాట్లాడుకుంటున్నాం గానీ, సెంటోస్ 7 మీద ఉన్న స్క్రిప్టుకు ఆ భయం కంటే దగ్గరి భయాలున్నాయి.

వాటిలో దగ్గరిది సర్టిఫికెట్ గడువు. 2015 డిసెంబరులో అందరికీ తలుపులు తెరిచిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ 90 రోజుల సర్టిఫికెట్లను ఉచితంగా, యంత్రమే తెచ్చుకునేలా ఇవ్వడం మొదలెట్టింది. 2025 ఏప్రిల్‌లో సర్టిఫికెట్ సంస్థలూ బ్రౌజరు కంపెనీలూ కలిసి ఓటేసి గరిష్ఠ గడువును మెట్లుమెట్లుగా కుదించాయి: 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి 15 నుంచి 47. అంటే ఏడాదికి ఎనిమిదిసార్లు మార్చాలి. ఆఫీసుల్లో సర్టిఫికెట్‌ను ఏడాదికోసారి కొనే సామానుగా చూసే అలవాటు దీంతో సాగదు. ఫైలు కదిలి, సంతకాలై, కాంట్రాక్టరుకు చేరేలోపే గడువు తీరిపోతుంది. తీరిన మర్నాడు బ్రౌజరు వాడేవాడు హెచ్చరిక చూసి ఆగిపోతాడు. అవతలి శాఖ స్క్రిప్టు కూడా ఆగాలి, ఆగదు, ఎవరో దాంట్లో ‘ఫాల్స్’ రాసి నడిపిస్తారు. ఇకపై నిర్వహణ టెండరులో సర్టిఫికెట్ ధర రాసే గడి తీసేసి, దాన్ని ఏ స్క్రిప్టు మారుస్తుంది, అది విఫలమైతే ఎవరి ఫోను మోగుతుంది అని రెండు గడులు పెట్టాలి.